ఎదురు రావడానికి ఒక లైక్

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తీస్తూ ఒక సంగతి తేల్చుకున్నాను. సంసారాలు నిలబెట్టడంలో టీవీని, ఇంటర్నెట్‌ని మించినవి లేవు.

అవి మనుషుల్ని విడదీస్తున్నాయని రాసేవాళ్ళు ఒకసారి ఈ పరాయి దేశంలో మా మార్కమ్ ఊరు వచ్చి, నేను బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న ఈ ఇంటిని చూడాలి. ఇక్కడ గొడవ అన్న మాటే లేదు. గొడవ పడాలంటే ముందు మాట్లాడుకోవాలి కదా!

నేను బడికి వెళ్ళే రోజుల్లో మా ఊళ్ళో వీధి మొత్తానికి ఒకటే టీవీ. ఎంత అనాగరికం! ముందు కూర్చున్నవాళ్ళ తల అడ్డమని తగువు. సీరియల్లో తప్పు అత్తదా కోడలిదా అని మర్నాడు బోరింగు దగ్గర మళ్ళీ తగువు. ఒక్క అరగంట బొమ్మ కోసం ఊరంతా నోరు నొప్పెట్టేలా మాట్లాడుకోవలసి వచ్చేది.

ఈ ఇంట్లో ఆ అవస్థ లేదు. ఇంటి యజమాని త్యాగరాజు గారు రిటైరైన ఇంజినీరు. ఆయనకు హాల్లో టీవీ. కొడుకు సాకేత్ మేడమీద గదిలోంచే ఆఫీసు పని చేస్తాడు, చెవుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఆయన భార్య పద్మిని ఆంటీకి వంటింట్లో ఉప్పుడబ్బాకు ఆనించిన ట్యాబ్. "భోజనానికి రండి" అని ఆవిడ కేక వెయ్యరు. గొంతుకు ఎంత సుఖం! ఫ్యామిలీ గ్రూపులో పెడతారు. మేడమీద నుంచి ఒక బొటనవేలు, హాల్లోంచి ఒక బొటనవేలు వస్తాయి. అన్నం చల్లారాక మనుషులు వస్తారు.

విజ్ఞానం సంగతంటారా? భీమవరంలో ఏ వీధిలో ఎంత వాననీరు నిలిచిందో త్యాగరాజు గారిని అడగండి, చెబుతారు. మొన్న ఆయన "మార్కమ్‌లో మంచు పడుతోందా" అని ఫోన్‌ని అడుగుతుంటే విన్నాను. కిటికీ ఆయన వెనకే ఉంది. పాపం, కిటికీకి నోటిఫికేషన్ పంపడం రాదు.

ఇవాళ ఆంటీకి రోడ్ టెస్టు. ఇప్పటికి రెండుసార్లు పోయింది. ఈసారైనా లైసెన్సు వస్తే, కరివేపాకు కావాలన్నా అంకుల్ టీవీలో చూసే చర్చ ముగిసేదాకా ఆగక్కర్లేదు. ఆ చర్చలు ముగియవు. ఒకటి అవుతూ ఉండగానే, దాని మీద ఇంకో చర్చ మొదలవుతుంది.

ఆంటీకి ఒక పట్టింపు ఉంది. ముఖ్యమైన పనికి బయల్దేరేవాళ్ళకు ఇంట్లోవాళ్ళెవరైనా వీధి వైపు నుంచి నవ్వు మొహంతో ఎదురు రావాలి. సాకేత్ ప్రతి పరీక్షకూ ఆవిడే ఎదురొచ్చారట. అంకుల్ ఈ దేశంలో మొదటి ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజు మంచులో నీళ్ళ చెంబు పట్టుకుని వచ్చారట. చెంబులో నీళ్ళు గడ్డకట్టాయి గాని ఉద్యోగం వచ్చింది. నేను స్టోర్లో మొదటి షిఫ్టుకి వెళ్ళినప్పుడు నాకూ వచ్చారు. ఆవిడ టెస్టులకు మాత్రం ఎవరూ రాలేదు. పోవడానికి కారణం అదేనని ఆవిడ నమ్మకం. ఎగ్జామినర్ స్టాప్ సైన్ గురించి ఏదో రాశాడు గాని, ఆయనకేం తెలుసు?

అందుకే నిన్న గ్రూపులో పెట్టారు: "రేపు నా టెస్టు. తొమ్మిదిన్నరకి ఎవరైనా ఎదురు రండి."

స్పందన చూడాలి! సాకేత్ బొటనవేలు. అంకుల్ గులాబీల గుత్తి. డాలస్ నుంచి దణ్ణాలు, సిడ్నీ నుంచి చప్పట్లు. ఆత్మకు శాంతి కలగాలని కూడా ఎవరో పెట్టారు. అది పై మెసేజ్‌కి పెట్టవలసింది. ఇల్లిల్లూ తిరిగినా ఇన్ని ఆశీస్సులు దొరుకుతాయా?

గుంటూరులో ఉండే ఆడపడుచు సరోజన గారు ఇంకో అడుగు ముందుకు వేశారు. ఇవాళ పొద్దున్నే వీడియో కాల్ చేశారు.

"వదినా, ఫోను గుమ్మానికి ఆనించు. నేను ఎదురొస్తా."

ఆంటీ ఆనించారు. తెరమీద సరోజన గారు పట్టుచీర కట్టుకుని, చెంబు పట్టుకుని, వాళ్ళ వరండా చివర నుంచి నడిచొస్తున్నారు. సగం దూరంలో నెట్ ఆగింది. ఒక కాలు గాల్లో, కళ్ళు అరమూసి, అలాగే ఉండిపోయారు. ఇలాంటి శకునానికి ఫలితం ఏమిటో పంచాంగాల వాళ్ళు ఇకనుంచి రాయాలి.

"నేనొస్తానాంటీ," అన్నాను వాళ్ళ వంటింట్లో ఈనెలు తీయడం ఆపి.

"నువ్వొస్తావని తెలుసమ్మా," అన్నారు ఆంటీ కోటు గుండీలు పెట్టుకుంటూ. "నిన్నడగడం ఎంతసేపు? మావాళ్ళు లేస్తారేమోనని చూస్తున్నా."

మేడ మెట్ల దగ్గరికి వెళ్ళి పిలిచారు. "సాకేత్, ఒక్క నిమిషం కిందికొస్తావా నాన్నా?"

"మామ్, ఐయామ్ ఆన్ ఎ కాల్. ఐ లైక్‌డ్ యువర్ మెసేజ్, రైట్?"

"చూశాన్లే."

హాల్లోకి వచ్చారు. టీవీలో నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నారు.

"ఏవండీ, కారొచ్చే టైమైంది."

"ఆఁ. గులాబీలు పెట్టాగా."

"పెట్టారు. వాసనే రాలేదు."

"ఒక్క ఐదు నిమిషాలు ఆగు. ఇంట్లో ఆడవాళ్ళని ఎలా గౌరవించాలో వీళ్ళిప్పుడు తేలుస్తున్నారు."

"తేలనివ్వండి."

బయట హారన్ మోగింది. డ్రైవింగ్ నేర్పే కిరీటి వచ్చాడు. ఆంటీ బ్యాగు తీసుకుని, "వెళ్ళొస్తా," అన్నారు. టీవీలో ఎవరో "తప్పకుండా" అన్నారు. తలుపు మూసుకుంది.

ఇక్కడ చూడండి టెక్నాలజీ మహిమ! ఈ ఇంటి కాలింగ్ బెల్‌కి కెమెరా ఉంది. అంకుల్ ఫోన్ టింగుమంది. గుమ్మం ముందు ఎవరో ఉన్నారని కబురు. పక్కన నిలబడి పిలిచినప్పుడు లేవని తల, ఆ ఒక్క టింగుకి లేచింది. ఇంతకన్నా రుజువు కావాలా?

"ఎవరో ఆవిడ మన వాకిట్లో నిలబడి ఉందమ్మా," అన్నారు నాతో. "కొరియర్‌లా లేదు."

"ఆవిడ ఆంటీ, అంకుల్."

ఆయన ఫోన్ మొహం దగ్గరికి తెచ్చుకున్నారు. నేనూ పళ్ళెం పక్కన పెట్టి వెళ్ళి చూశాను. కిరీటి కారు అద్దం దించి, "ఆంటీ, లేటవుద్ది. ఎక్కండి," అంటున్నాడు. "ఒక్క నిమిషం బాబూ," అంటున్నారు ఆంటీ. మెట్టు దిగలేదు. ఖాళీ వీధి వైపు చూస్తున్నారు. బ్యాగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"జుట్టెప్పుడు కత్తిరించుకుంది?" అని అడిగారు అంకుల్.

"చాలా రోజులైంది అంకుల్. గ్రూపులో ఫోటో పెట్టారు. మీరు లైక్ కొట్టారు."

అందుకే నా మనవి. ప్రతి ఇంట్లోనూ ఇలాంటి కెమెరాలు పెట్టించాలి. వంటింట్లో ఒకటి, మేడ మెట్ల మీద ఒకటి, డైనింగ్ టేబుల్ మీద ఒకటి. ఒకే కప్పు కింద ఉన్న మనుషులు ఒకరినొకరు చూసుకోవడానికి ఇప్పుడు ఇంకో దారి ఉందా?

ఇదే మాట అంకుల్‌తో అందామనుకున్నాను. ఆయన అప్పటికే లేచారు. ఫోన్ సోఫాలో పడేశారు. టీవీలో గౌరవం గురించిన చర్చ ఇంకా తేలలేదు, దాన్ని అలాగే వదిలేశారు. వంటింట్లోకి వెళ్ళి, సింకు పక్కనున్న చెంబు తీసి, నిండా నీళ్ళు పట్టారు. ముందు తలుపు వైపు వెళ్ళలేదు. ఎదురు రావాలంటే వీధి వైపు నుంచి కదా రావాలి. ఇంటి చెప్పులతోనే, నీళ్ళు ఒలక్కుండా చెంబును రెండు చేతులా పట్టుకుని, గరాజ్ పక్క తలుపులోంచి బయటికి వెళ్ళిపోయారు.