మిక్సీ మూగబోయిన నెల

అమెరికాలోని హెర్న్‌డన్‌లో దివాకర్, అవనిల టౌన్‌హౌస్‌కి ఆనుకుని ఘానా దేశపు దంపతులుంటారు. ఆయన పేరు నీ లాంటే, ఆమె నా డెడెయ్.

"ఒకరు 'నీ', ఒకరు 'నా'. అయినా నీదా నాదా అని ఒక్కనాడూ తగువు వినపడదు," అని అవని మెచ్చుకునేది.

జూలైలో ఓ రోజు నీ లాంటే, 'గా' అనే తమ తెగవారి పంటల పండగ హొమోవోకి దివాకర్‌ని పిలిచాడు. తమ దేశంలో పండగకు ముందు నెలంతా డప్పు మోగించరని కూడా చెప్పాడు. దివాకర్ బుర్ర చురుగ్గా పనిచేసింది.

"అవనీ, పండగయ్యేదాకా పక్కింటివాళ్లకి చప్పుడు నిషేధం. గోడ ఒకటే కదా! మీ అక్కతో స్పీకర్ ఫోన్, నా మీద కేకలు అవాయిడ్ చెయ్. రెస్పెక్ట్!"

క్రికెట్ ప్రశాంతంగా చూసుకోవాలన్నది అసలు సంగతి.

"అలాగా, పాపం," అంది అవని.

మర్నాడు కంచంలో బ్రెడ్డు, పెరుగు.

"చట్నీ ఏదీ?"

"మిక్సీ చప్పుడు కదా," గుసగుసగా అంది.

"పోనీ పప్పు?"

"కుక్కర్ విజిల్ వేస్తుంది. దాని నోరెవరు మూస్తారు?"

"రసం?"

"పోపు చిటపటలాడదూ? వాళ్ల వ్రతం చెడగొట్టిన పాపం మనకెందుకు దివా?"

వారం తిరిగేసరికి దివాకర్ ప్యాంటు జారసాగింది. ఆఫీస్‌లో శాండ్‌విచ్‌లు తినీ తినీ ఆవలింత కూడా మయొనీజ్ వాసన వేసేది. నిజం చెప్పేద్దామనుకుంటే పరువు గొంతుకి అడ్డం పడింది. అవని మాత్రం రోజూ పక్కింటికెళ్లి, వెలిగిపోతున్న మొహంతో తిరిగొచ్చేది.

పండగనాడు, అది జరిగే పార్కుకి దివాకర్ అందరికంటే ముందు చేరాడు. ఆవిరి మీద ఉడికిన మొక్కజొన్న పిండిలో పామాయిల్ కలిపి చేసిన క్పొక్పొయ్‌ని ఓ పెద్దాయన పూర్వీకుల కోసం నేలమీద చల్లుతుంటే, ఆ మెతుకులకేసి దీనంగా చూశాడు.

నా డెడెయ్ అతని ప్లేటు నింపి, చేపల పులుసు పోసింది. "తిను బ్రదర్. నీ భార్య రోజూ మా కిచెన్‌లో మిక్సీ పెట్టి చట్నీలు రుబ్బుతుంటే మా ఆయన ఒళ్లు చేశాడు!"

దివాకర్ నోట్లో ముద్ద ఆగిపోయింది. "మరి... మీకు చప్పుడు పనికిరాదు కదా?"

"అది మా ఊరు అక్రాలో, డప్పులకి! ఇక్కడ మిక్సీకి ఎవరడ్డు?"

"మొదటిరోజే అడిగి తెలుసుకున్నాను," అంది అవని తీరిగ్గా. "నీ రెస్పెక్ట్ పాడుచేయడం దేనికని ఊరుకున్నా."

ఇంతలో నీ లాంటే చేతులెత్తాడు. "హొమోవో అంటే ఆకలిని వెక్కిరించడం! అందరూ గట్టిగా కేకెయ్యండి!"

పార్కంతా హోరెత్తింది.

"నువ్వూ వెక్కిరించు దివా," అంది అవని.

"నెల్లాళ్లుగా అదే నన్ను వెక్కిరిస్తోంది," అని గొణిగి, దివాకర్ ఖాళీ చేసిన ప్లేటు మళ్లీ ముందుకు చాపాడు.