మూడు పాలు

ఆ శనివారం పొద్దున నిత్యానందం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బడి లేదు గనక తీరిగ్గా కాఫీ తాగాలి. మూడో ఫారం పిల్లల వ్యాసాలు దిద్దాలి. మధ్యాహ్నం నర్సు విక్టోరియా వచ్చేలోగా ఏడాది కొడుకు యోబు చేత ఒక్క ముద్ద అన్నం తినిపించాలి. మొదటి రెండూ తన పనులనీ, మూడోది భార్య ఎలిజబెత్ పని అనీ ఆయన మనసులోనే పంపకం కూడా చేసేశాడు.

యోబుకు అన్నమంటే పరమ విరోధం. రోజుకు శేరున్నర పాలు గుటగుటా తాగేవాడు గాని, అన్నం గిన్నె కనబడితే చాలు, నోరు బిగించేవాడు. బలవంతాన పెట్టిన మెతుకును గురిచూసి తండ్రి చొక్కా మీదకు ఉమ్మేవాడు. ఎలిజబెత్ కాకిని చూపించింది, ఏలూరు కాలవలో పోయే పడవలను చూపించింది, సిగ్గు విడిచి తానే పిల్లిలా అరిచింది. వాడు అన్నీ చూసి ఆనందించాడు. నోరు మాత్రం తెరవలేదు.

నిన్న ఆస్పత్రిలో విక్టోరియా వాణ్ణి తూచి మొహం చిట్లించింది. "మూడు నెలల్నించీ బరువు అక్కడే ఉందండీ. పాలిపోయాడు కూడాను. రేపు మధ్యాహ్నం మీ వీధికి వస్తాను. అప్పటికీ ముద్ద ముట్టకపోతే వార్డులో చేర్చాల్సిందేనండీ" అని, ఒక చీటీ గిలికి చేతిలో పెట్టి, వెనక ఉన్న పిల్లాణ్ణి అందుకుంది. వార్డు అనే మాట విన్నప్పటి నుంచీ ఎలిజబెత్‌కు పచ్చి మంచినీళ్ళు దిగలేదు. రాత్రంతా పిల్లాడి పక్కటెముకలు తడుముతూనే ఉంది.

చీటీలో ఒకే వాక్యం. కామా లేదు, చుక్క లేదు. "బాబుకి రోజుకి మూడు పాలు అన్నం ఒక పాలు పాలు."

"మూడొంతులు అన్నం, ఒక వంతు పాలు అనేమోనండీ" అంది ఎలిజబెత్.

మాస్టారు చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు చూస్తే మూడో ఫారానికి చెమటలు పట్టేవి.

"వంతు అనే అర్థంలో పాలు ఏకవచనం. దానికి బహువచనం పాళ్ళు. వంతులే అయితే మూడు పాళ్ళు అని ఉండాలి. ఉందా? లేదు. మూడు పాలు అని ఉంది. అంటే తాగే పాలే!"

"మరి చివర్న ఒక పాలు పాలు ఏంటండీ?"

మాస్టారు ఎర్రసిరా కలం తీసి "మూడు పాలు" తరవాత ఒక కామా పెట్టాడు. "అన్నం ఒక పాలు" తరవాత ఒక చుక్క పెట్టాడు. మిగిలిపోయిన ఒంటరి "పాలు"ను అడ్డంగా కొట్టేశాడు. "చూశావా? మూడు రకాల పాలు, అన్నం ఒక వంతు. పాపం, తొందరలో చివరి మాట రెండుసార్లు రాసింది. ఆవు, గేదె, మేక. మూడూ పోస్తే గాని ఆ ఒక వంతుకి ఆకలి పుట్టదన్నమాట."

ఎలిజబెత్‌కు నమ్మకం కుదరలేదు. కాని వ్యాకరణంతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఇంట్లో ఇంతవరకూ లేరు.

మాస్టారు చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. పక్కింటి గౌసియాకు మేక ఉంది. "అయ్యో, పిల్లాడి కోసమా! ఇప్పుడే తోలుకొస్తానండి మాస్టారూ, మీ కళ్ళముందే పితుకుతాను" అందామె. ఎదురింటి సత్యనారాయణమూర్తిగారి గేదె కొల్లేటి గట్టు మీద గడ్డి మేసి పెరిగింది. ఆ సంగతి ఆయన ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. "ఇన్నాళ్ళకి తెలిసిందన్నమాట ఆవు పాలలో పస లేదని" అంటూ పొంగిపోయాడు. రోజూ పాలు పోసే సీతారత్నం అప్పుడే అటు వస్తూ ఆ ఒక్క ముక్కా విన్నది. చెంబు పట్టుకుని వచ్చినదల్లా వెనక్కి తిరిగి, ఆవునే లాక్కొచ్చింది.

"నా పాలలో పస లేదాండీ? నీళ్ళు కలిపాననేగా మీ అనుమానం? అందరి ముందూ పితుకుతాను, చూస్కోండి!"

అలా ఎనిమిదింటికల్లా మాస్టారి గుమ్మం ముందు ఆవు, గేదె, మేక వరసగా నిలబడ్డాయి. ముందు ఎవరి పాలు పట్టాలన్న దగ్గర తగువు మొదలైంది. సీతారత్నం ఏళ్ళ తరబడి పోస్తున్నానంది. మూర్తిగారు వెన్న సంగతి ఎత్తాడు. ఈలోగా గౌసియా తన గిన్నె నింపేసుకుంది.

ఒక వీధిలో మూడు రకాల పాడి, మూడు గిన్నెలు, ఇంత జనం చూసి, తాడేపల్లిగూడెం బండి దిగి నడిచొస్తున్న పెద్దమనిషొకడు అరుగెక్కి కూర్చున్నాడు.

"ఒక కాఫీ ఇప్పించండి. ఆవు పాలతో."

"ఇది కాఫీ హోటలు కాదండీ, మా ఇల్లు" అన్నాడు మాస్టారు.

"కొత్తగా పెట్టారు కామోసు. బోర్డు లేకపోయినా ఫరవాలేదులెండి. పంచదార కాస్త ఎక్కువ వెయ్యమనండి."

ఆయన్ను చూసి మరో ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన ఇడ్లీలు వేడిగా ఉన్నాయా అని లోపలికి తొంగి చూశాడు. మాస్టారు అందరికీ సర్దిచెబుతుండగా, మేక ఆ సందడికి బెదిరి ఒక్క గెంతులో అరుగెక్కి పెద్దమనిషి ఒళ్ళోకి దూకింది. ఆయన పెట్టిన కేకకు గేదె తాడు తెంచుకుంది. గేదె కాలు తగిలి ఆవు పాల బిందె దొర్లింది. బిందె తగిలి మేక పాల గిన్నె బోర్లా పడింది. మూర్తిగారి చెంబు మాత్రం భద్రంగానే ఉంది. గేదె అసలు పాలు చేపనే లేదు గనక అందులో ఏమీ లేదు.

తెల్లగా పాలన్నీ వీధి కాలవలోకి పోయాయి. గౌసియా మేక వెంట పరిగెత్తింది. సీతారత్నం, మూర్తిగారు ఒకరినొకరు తిట్టుకుంటూ గేదె వెంట పరిగెత్తారు. మాస్టారు ఖాళీ చెంబు పట్టుకుని పాల కోసం ఊరు మీద పడ్డాడు.

ఇంట్లో యోబు పాలకోసం ఏడుపు లంకించుకున్నాడు. తొమ్మిదైంది. పదైంది. ఎలిజబెత్ గ్లాసుతో మంచినీళ్ళు పట్టి, ఎత్తుకుని తిప్పి, తనూ కాసేపు ఏడ్చింది. పదకొండింటికి కళ్ళు తిరుగుతుంటే, తను పడిపోతే పిల్లాడి గతేమిటని పప్పూ అన్నం వండింది. ఇంత నెయ్యి వేసి కలుపుకుని పీటేసుకు కూర్చుంది. ఈ పూట వాడికి పెట్టే ఓపిక కూడా ఆమెకు లేదు. కాకిని చూపించలేదు. పిల్లిలా అరవలేదు. తల వంచుకుని తన ముద్ద తను నోట్లో పెట్టుకుంది.

యోబు ఏడుపు ఆపాడు. పాకుతూ వచ్చి తల్లి మోకాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె నోటి వంక చూశాడు, కంచం వంక చూశాడు. ఐదు వేళ్ళూ కంచంలో పెట్టి, దొరికినంత పిడికిలిలో పట్టి నోట్లో కుక్కుకున్నాడు. సగం కింద పడింది, సగం లోపలికి పోయింది. మళ్ళీ చెయ్యి పెట్టాడు.

ఎలిజబెత్ కంచం వాడి దగ్గరికి జరపబోయి ఆగింది. కదిలితే మానేస్తాడేమోనని కళ్ళనీళ్ళు కూడా తుడుచుకోలేదు. చిన్న చిన్న ముద్దలు చేసి కంచం అంచున పెడుతుంటే వాడే ఏరుకుని తిన్నాడు. ఏడు ముద్దలు. ఆమె జన్మలో ఇంత సంతోషం ఎరగదు.

విక్టోరియా గుమ్మంలో అడుగుపెట్టేసరికి వాడి బుగ్గల నిండా పప్పే ఉంది.

"పొద్దుట్నించీ పాలు ఎంతిచ్చారండీ?"

"చుక్క కూడా లేదండీ" అంది ఎలిజబెత్ భయపడుతూ.

"భేష్! అదేనండీ కావల్సింది. పాలతో కడుపు నింపేస్తే అన్నానికి చోటేదీ? అలాగని పాలు బొత్తిగా మానిపించకండి. అన్నం తిన్నాక పూటకో గ్లాసు చాలు. ఇంక వార్డు ఎందుకూ? పైవారం తెచ్చి తూయించండి. మాస్టారు గట్టివారేనండీ, చీటీ చదివి ఒక్క పూటలో దారికి తెచ్చారు!"

సరిగ్గా అప్పుడే మాస్టారు చెమటలు కక్కుతూ అరచెంబు పాలతో వచ్చాడు. కొడుకును చూశాడు, కంచం చూశాడు. నర్సు పొగడ్తను కాదనడానికి మనస్కరించలేదు. అయినా ఎర్రసిరా చీటీ తీసి ముందు పెట్టాడు.

"అంతా బాగానే ఉందిగాని, ఇక్కడ మూడు పాళ్ళు అని ఉండాలండీ."

"రోజుకి ఎనభైమంది పిల్లలండీ. వత్తులు పెట్టే తీరికేదీ?" అని నవ్వింది విక్టోరియా. "అంత పట్టింపుంటే మీరే శుభ్రంగా రాసిపెట్టండి, ఆస్పత్రి గోడకి అంటిస్తాను."

మాస్టారు ఆదివారమంతా కూర్చుని, అట్ట మీద గుండ్రటి అక్షరాలతో "మూడు పాళ్ళు అన్నం, ఒక పాలు పాలు" అని రాశాడు. వత్తు వత్తులా, కామా కామాలా పెట్టాడు. సోమవారం దాన్ని గోడకు తగిలించారు.

మంగళవారం పెదవేగి నుంచి వచ్చిన ఒక తల్లి దాన్ని కూడబలుక్కుని చదివి, విక్టోరియాను అడిగింది. "మావాడికి రెండు పళ్ళే వచ్చాయండీ. మూడోది వచ్చేదాకా అన్నం ఆపమంటారా?"