హాల్లో ఆట, సుబ్బరాజు నిద్ర

అయ్యలారా, అమ్మలారా! టీవీకి ఒక కంప్యూటర్ తగిలించి, అందులో ఊరికే దొరికే ఓపెన్ సోర్స్ సిస్టమ్ వేసుకుని, కాళ్లు బారజాపి గేములు ఆడుకుందామనుకునే వాళ్లందరికీ ఒక శుభవార్త. అది పనిచేయదు!

పనిచేయకపోవడమే దాని గొప్పతనం. డబ్బు పోసి కొన్న గేమ్ బాక్సు ఉందనుకోండి. మీట నొక్కగానే వెలుగుతుంది. ఇద్దరు ఆడతారు, మిగిలినవాళ్లు ఎవరి ఫోన్లలో వాళ్లు మునిగిపోతారు. అదే ఉచిత సిస్టమ్ మొరాయిస్తే? ఇల్లంతా ఒక్కచోట చేరుతుంది. సలహాలొస్తాయి, పకోడీలొస్తాయి, పక్క వీధి నుంచి నిపుణులొస్తారు. మనిషిని మనిషితో కలపడానికి ఇంతకన్నా మంచి సాధనం ఈ కెనడాలో ఇంకేముంది?

నమ్మకం కుదరకపోతే హామిల్టన్‌లో సుబ్బరాజుకు జరిగింది వినండి.

సుబ్బరాజుది భీమవరం. హామిల్టన్‌లో ఒక కాలేజీలో సప్లై చెయిన్ చదవడానికి వచ్చాడు. అది 2023 శీతాకాలం. ఆ ఏడు మన పిల్లలకు కాలేజీల్లో సీట్లు దొరికాయి గానీ, నడుం వాల్చడానికి చోటు దొరకలేదు. సుబ్బరాజు కూడా పెట్టెలు పట్టుకుని నాలుగిళ్లు తిరిగాక, జనార్ధనరావు గారు దయతలిచి తన ఇంట్లో లివింగ్ రూమ్ అద్దెకిచ్చారు. ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా రిటైరై గంట ప్రయాణం దూరంలో మార్కమ్‌లో కాపురముంటున్నారు. హామిల్టన్ ఇల్లు ఇన్వెస్ట్‌మెంట్ కింద కొన్నది. హాలుకు ఒకవైపు గోడ లేకపోవడంతో అక్కడ కర్టెన్ కట్టించారు.

"ప్రైవసీ ఫుల్లుగా ఉంటుంది బాబూ" అంటూ దాన్ని ఇటు నుంచి అటు లాగి మరీ చూపించారు.

గోడకున్న పెద్ద టీవీ మాత్రం, అగ్రిమెంట్ ప్రకారం, ఇంట్లో ఉండేవాళ్లందరిదీ. అంటే మంచం సుబ్బరాజుది, మంచం ఎదుట టీవీ అందరిదీ. ఇందులో ఇబ్బందేముందని సుబ్బరాజు సంతకం పెట్టేశాడు. చదువుకున్నవాడు కదా!

రాత్రంతా బ్రెడ్ ఫ్యాక్టరీలో పని. క్లాసులు లేని వేళ, పగలు నిద్ర. కొన్నాళ్లు హాయిగానే జరిగింది. టీవీ జోలికి ఎవరూ వచ్చేవారు కాదు. అలాంటి సమయంలో పై గదిలో ఉండే వరంగల్ రేవంత్ ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో ఒక గేమింగ్ పీసీ కొని, చంటిపిల్లను ఎత్తుకొచ్చినట్టు రెండు చేతులతో ఎత్తుకొచ్చాడు.

"అన్నా, దీన్ని హాల్ల టీవీకి పెడ్దామనుకుంటున్న. నీకేం ఇబ్బంది లేదుగా?"

ఉందని చెప్పడానికి సుబ్బరాజు నోరు తెరిచాడు. కానీ గోదావరి జిల్లా మొహమాటం ఊరుకుంటుందా? "అయ్యో, దానికేముంది మామా!" అన్నది ఆ నోరే.

మర్నాడు క్లాసులో పక్కన కూర్చునే భవితకు తన కష్టం చెప్పుకోకుండా, ఏదో జనరల్ నాలెడ్జి కోసమన్నట్టు అడిగాడు. టీవీకి పెట్టిన పీసీలో ఏ సిస్టమ్ వేస్తే మంచిదని.

"ఏదైనా వెయ్యి గానీ, ఆ ఉచిత లినక్స్ రకాల జోలికి మాత్రం పోకు" అంది భవిత. "సౌండ్ వస్తే కంట్రోలర్ పట్టదు. కంట్రోలర్ పడితే స్క్రీన్ పోతుంది. ఎందుకా తలనొప్పి?"

ఆ తలనొప్పిలో సుబ్బరాజుకు తలదిండు కనిపించింది!

ఆ సాయంత్రమే రేవంత్‌నూ, ఇంకో గదిలో ఉండే అనంతపురం తారక్‌నూ కూర్చోబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాడు. కంపెనీలకు లైసెన్సులు కట్టి ఎన్నాళ్లు బతుకుదాం? ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో జీతం లేకుండా రాసిన సిస్టమ్ ఉంది. లోపలున్న కోడ్ మొత్తం మనం చూడొచ్చు, మార్చొచ్చు. దాపరికమే లేదు! మాట్లాడుతూ మాట్లాడుతూ ఎన్నికల సభలోలా చెయ్యి పైకెత్తేశాడు. తనలో ఇంత నాయకుడున్నాడని అంతకుముందు తెలియదు.

"భలే చెప్పినావన్నా" అన్నాడు తారక్.

"గట్లయితే గదే ఏద్దాం" అన్నాడు రేవంత్.

ఆదివారం మధ్యాహ్నం సిస్టమ్ ఎక్కింది. బొమ్మ వచ్చింది. సౌండ్ రాలేదు. సుబ్బరాజు మనసులో భవితకు దండం పెట్టుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"పోనీలే మామా, మనకు రాసిపెట్టి లేదు."

"పోనీలే ఏంది అన్నా? దాపరికం లేదన్నది నువ్వే కదా! లోపల ఏముందో సూద్దాం. జరా జరుగు."

జరగమన్నది మంచం మీద. సుబ్బరాజు జరిగాడు.

అక్కడి నుంచి జరుగుతూనే ఉన్నాడు. సౌండ్ వచ్చిన రోజు కంట్రోలర్ పనిచేయలేదు. కంట్రోలర్ దారికొచ్చిన రోజు బొమ్మ ముడుచుకుపోయి టీవీలో ఓ మూల పోస్టల్ స్టాంపంత అయింది. దాన్ని సాగదీస్తే అప్‌డేట్ వచ్చి అన్నిటినీ మళ్లీ మొదటికి తెచ్చింది. గెలిచిన ప్రతిసారీ చప్పట్లు, ఓడిన ప్రతిసారీ చర్చలు. అన్నీ మంచం మీదే. తారక్ స్నేహితులు కూడా వచ్చి చేరారు. వాళ్లు వట్టి చేతులతో రాకూడదని ఉల్లిపాయ పకోడీలు తెచ్చేవారు. ఆ పొడి తర్వాత దుప్పట్లో దొరికేది.

ఎక్కడో దూరాన రెజైనా ఊళ్లో చదువుతున్న తారక్ బావకు కంప్యూటర్లు బాగా తెలుసట. ఆయన్ను వీడియో కాల్‌లో పిలిచి, టీవీ కనబడేలా ఫోన్‌ను సుబ్బరాజు తలదిండుకు ఆనించారు. కాసేపయ్యాక ఆయన కెమెరా తిప్పమని చెప్పి, కంగారుగా అరిచాడు.

"ఒరే, మీ పక్కన ఏదో కదులుతోంది, చూసుకోండి!"

"ఏం లేదులే బావా. సుబ్బరాజన్న."

సుబ్బరాజు దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి నమస్కారం చేశాడు. మర్యాద తప్పకూడదు కదా!

పగలు ఇంట్లో దొరకని నిద్ర రాత్రిపూట ఫ్యాక్టరీలో వెతుక్కుంటూ వచ్చింది. ట్రేల బండికి ఆనుకుని నిలబడే కునుకు తీస్తుండగా సూపర్‌వైజర్ పట్టుకుంది. మంచి మనిషే. కేకలెయ్యలేదు. నిద్ర ఇంట్లో పూర్తిచేసుకుని రమ్మనీ, మళ్లీ ఇలా జరిగితే షిఫ్టులు ఉండవనీ మెల్లగా చెప్పింది. ఆ మెల్లదనానికే సుబ్బరాజు నిద్రమత్తు దిగిపోయింది. షిఫ్టులు పోతే అద్దె ఎక్కడిది? అద్దె లేకపోతే ఈ కర్టెన్ కూడా ఉండదు.

బస్సులో వస్తూ తన తెలివికి తానే జోహార్లు చెప్పుకున్నాడు. గేము నడిస్తే ఇద్దరే కూర్చునేవారు. నడవకుండా చేసి ఊరినంతా మంచమెక్కించుకున్న ఘనుడు తనే! ఇక మిగిలింది ఒక్కటే దారి. దాన్ని బాగుచేయించాలి. వెంటనే భవితకు ఫోన్ చేశాడు.

శనివారం పొద్దున షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి భవిత అప్పటికే వచ్చి, ఏవో నాలుగు కమాండ్లు కొట్టి, సిస్టమ్‌ను లైన్లో పెట్టేసింది. బొమ్మ నిండుగా ఉంది. కంట్రోలర్లు బుద్ధిగా ఉన్నాయి. సౌండ్ గురించి చెప్పక్కర్లేదు, రేసు కార్లు మంచం కిందుగా దూసుకుపోతున్నట్టే ఉంది. అది విని పక్కింట్లో అద్దెకున్న కుర్రాళ్లూ వచ్చేశారు. ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ చూసి పోదామని వచ్చిన జనార్ధనరావు గారు కూడా ఒక కంట్రోలర్ పుచ్చుకుని, తలదిండు వైపు బాసింపట్టు వేసుక్కూర్చున్నారు.

"జీవితమంతా కోడ్ రాశానయ్యా, ఒక్క ఆటా ఆడలేదు" అంటున్నారాయన, కారును గోడకేసి గుద్దుతూ.

ఇద్దరాడుతుంటే మిగతావాళ్లు వెళ్లిపోతారన్న సిద్ధాంతం ఏమైంది? ఎవరూ వెళ్లలేదు. తమ వంతు కోసం కూర్చున్నారు. బూట్లు విప్పి, జాకెట్ తీయకుండానే సుబ్బరాజు కర్టెన్ పట్టుకుని నిలబడిపోయాడు.

భవిత కేబుల్ చుడుతూ చుట్టూ చూసింది. "అంతా బాగుంది గానీ, హాల్లో మంచం ఎందుకు వేశారు?"

అందరి చూపులూ కర్టెన్ వైపు తిరిగాయి.

"ఎందుకంటే ఇది హాలు కాదు కాబట్టి!" అన్నాడు సుబ్బరాజు. ఆ గొంతు అంత గట్టిగా వస్తుందని అతనూ అనుకోలేదు. "ఇది నా బెడ్‌రూమండి. నేనిక్కడ పడుకోవాలి. పడుకోక నెల దాటింది. ఇవాళో రేపో నా ఉద్యోగం పోతుంది. పనిచేయదని తెలిసే ఆ దిక్కుమాలిన సిస్టమ్ పెట్టించాను. విసుగొచ్చి వదిలేస్తారనుకున్నాను. మీరేమో వదలరు! చివరికి నేనే బాగుచేయిస్తే, నా ఖర్మకొద్దీ ఇంకో నలుగురు చేరారు!"

రేవంత్ గేము ఆపాడు. అతని మొహం చిన్నబోయింది.

"గంత కష్టమైతే చెప్పొచ్చు కదా అన్నా. నేను మొదటి రోజే అడిగిన కదా. వద్దంటే నా రూమ్‌లనే పెట్టుకుంటుంటి."

సుబ్బరాజు తలూపాడు. అడిగినమాట నిజమే. చెప్పనిదీ నిజమే.

"సరే, ఇప్పుడైతే నా రూమ్‌లకు పో" అని రేవంత్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "పగటి పూట రోజూ అక్కడనే పండుకో. తలుపు పెట్టుకుంటే ఏం వినబడదు."

తలుపు! సుబ్బరాజు పైకెళ్లి దాన్ని వేశాడు. మళ్లీ తీసి, మళ్లీ వేశాడు. గడియ టక్కుమని పడిన చప్పుడు చెవికి సన్నాయిలా వినిపించింది. కెనడాకు వచ్చాక తను తలుపు వేసుకుని పడుకోవడం ఇదే మొదలని అప్పుడు గుర్తొచ్చి, కాస్త ఏడుపొచ్చింది. ఏడవడానికి నిద్ర టైమివ్వలేదు.

సాయంత్రం లేచి కిందికొచ్చేసరికి అందరూ ఉన్నారు. దుప్పటి దులిపి మడతపెట్టి ఉంది. తారక్ టీ చేతికిచ్చాడు. జనార్ధనరావు గారు ఇంకా మార్కమ్ పోలేదు, ఇంకా మంచం దిగలేదు. సుబ్బరాజును చూసి ఆప్యాయంగా నవ్వారు.

"నిద్ర పట్టిందా బాబూ? నాకో మంచి ఆలోచన వచ్చింది. పగలు నువ్వు రేవంత్ గదిలో, రాత్రి ఫ్యాక్టరీలో. అంటే హాలు ఖాళీయే కదా! పాపం ఇద్దరు పిల్లలు చోటు కోసం రోజూ ఫోన్ చేస్తున్నారు. ఇక్కడే సర్దేద్దాం. గేమింగ్ సదుపాయం కూడా ఉందాయె!"

"కుదరదండి" అన్నాడు సుబ్బరాజు. టీ కప్పు పక్కన పెట్టాడు. "ఈ హాలుకి అద్దె కట్టేది నేను. ఆ ఇద్దరినీ మార్కమ్‌లో మీ హాల్లో పెట్టుకోండి అంకుల్."

జనార్ధనరావు గారు నిజంగానే ఆశ్చర్యపోయారు.

"మా హాల్లోనా? అదెలా కుదురుతుందయ్యా! అది మేం కూర్చునే చోటు!"

అనేశాక ఆయనే ఒకసారి కర్టెన్ వైపు చూశారు. తర్వాత కంట్రోలర్ పక్కన పెట్టి, మంచం మీంచి లేచి నిలబడ్డారు.