స్వదేశీ జ్వరం

"సరిహద్దు దాటి సరుకు రావచ్చు, చుట్టాలు రావచ్చు, గాలివాటున వాన కూడా రావచ్చు. రోగం మాత్రం రాదు!" అని ఆరోగ్యాధికారి ప్రకటించి, ఆ మాటలను చెక్‌పోస్టు గోడ మీద మనిషెత్తు అక్షరాలతో రాయించాడు. ఒకప్పుడు రోజుకు పది లారీలు దాటే గేటులో ఇప్పుడు మూడు వందలు దాటుతున్నాయి. దానికి తగ్గట్టు ఆయన నూట నలభై పేజీల ప్లాను వేశాడు. ఆనాటి నుంచి అందరూ ఆయన్ని ప్లానుగారనే పిలుస్తున్నారు.

ఆ ప్లాను ఎంత ఘనమైనదో చెక్‌పోస్టు నర్సుకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. దాన్ని అమలు చేయాల్సింది ఆవిడ ఒక్కతే. జ్వరమున్నవాడు కనబడితే ఫారం నింపి, గేటు బయటికి పంపేయాలి. ఫారంలో మొదట స్వదేశీ జ్వరానికొకటి, విదేశీ జ్వరానికొకటి, రెండు గళ్లుండేవి. ప్లానుగారు స్వదేశీ గడి కొట్టేయించాడు.

"మన దగ్గరే జ్వరం పుట్టిందని రాసుకుంటే, మనం పని చేయట్లేదని ఒప్పుకున్నట్టు కాదా సిస్టర్?"

నర్సు కొత్త ఫారాల కట్ట తీసుకుని బయటికొచ్చేసింది. ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం. నెలాఖరుకు పొడిగింపు మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

ప్లానుకు తలమానికం చేతులు కడుక్కునే నీళ్ల డ్రమ్ములు. నలభై డ్రమ్ములను గేటు పక్కన వరసగా నిలబెట్టి, మూతలు తీయించి, అంచుల దాకా నీళ్లు పోయించి, చుట్టూ ఎర్ర రిబ్బను కట్టించాడు. దాన్ని కత్తిరించడానికి ఆరోగ్యశాఖ డైరెక్టరు రావాలి. డైరెక్టరేమో తేదీ ఇస్తాడు, వాయిదా వేస్తాడు. రిబ్బను తెగేదాకా ఎవరూ చేయి తడపకూడదు! మూడు వారాలయ్యాక నర్సు ఒక డ్రమ్ములోకి తొంగిచూసింది. నీళ్ల నిండా దోమపిల్లలు తోకలాడిస్తున్నాయి. వెంటనే అర్జీ రాసి తీసుకెళ్లింది.

"వీటిని ఒలకబోసేద్దాం సార్. వెనక క్వార్టర్సులో పిల్లలున్నారు. నాకూ ఆరేళ్ల కూతురుంది."

"డ్రమ్ములు నిండుగా ఉండాలని ప్లానులో రాశాం. డైరెక్టరుగారికి ఖాళీ డ్రమ్ములు చూపిస్తే నా పరువేం కాను?"

"దోమలు, సార్..."

"దోమల గురించి ప్లానులో లేదమ్మా."

వారం తిరక్కుండా క్వార్టర్సులో పదకొండు మంది మంచం పట్టారు. జన్మలో సరిహద్దు దాటని గేటు కాపలాదారుకు నూట రెండు. "జ్వరమని రాయకు, ఒంటి వేడి అని రాయి," అన్నాడు ప్లానుగారు. నర్సు పదకొండు ఒంటి వేడులు రాసింది. ఇంటికెళ్లి కూతుర్ని పట్టపగలే దోమతెరలో కూర్చోబెట్టి, అన్నం కూడా అందులోకే అందించింది. గంటకోసారి ఆ పిల్ల నుదురు ముట్టి చూస్తూ ఆవిడ పడ్డ భయానికి ఏ ఫారంలోనూ గడి లేదు.

ఎట్టకేలకు డైరెక్టరు వచ్చాడు. ముందు జ్వరం చూసే కొత్త యంత్రం ప్రదర్శన, తర్వాత రిబ్బను. "ఎవరి నుదురో ఎందుకు, నాదే చూడండి," అంటూ ప్లానుగారు ముందుకొచ్చాడు. పొద్దున్నుంచి ఆయనకు వణుకుగానే ఉంది. డైరెక్టరంటే భయం కాబోలు అనుకున్నాడు. యంత్రం ఎర్రదీపం వెలిగించి కీచుమంది. నూట మూడు!

డైరెక్టరు ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు. "ప్లాను ప్రకారం ఏం చేయాలి?"

నర్సు ఫారం చూసింది. "ఉన్నది ఒకటే గడి సార్. విదేశీ. గేటు బయటికి పంపాలి."

"నేను ఇక్కడివాణ్ణే కదా సిస్టర్!"

"నాకు తెలుసు సార్. ఫారానికి తెలియదు."

"జ్వరం ఇక్కడిదేనని రాతపూర్వకంగా రుజువైతే లోపలికి తీసుకోండి," అని డైరెక్టరు కారెక్కి వెళ్లిపోయాడు. రిబ్బను అలాగే మిగిలింది.

ఒంటి వేడి తగ్గి ఆ పొద్దే డ్యూటీకి వచ్చిన కాపలాదారు, "దయచేయండి సార్," అని ఎంతో మర్యాదగా ప్లానుగారిని సాగనంపి, గేటుకు తాళం వేసి, చెవి నర్సుకిచ్చాడు. ఎదురుగా అవతలి దేశం గేటు. వాళ్లకూ ఒక ప్లానుంది. జ్వరంతో వచ్చినవాణ్ణి వాళ్లూ వచ్చిన దారినే పంపుతారు. రెండు గేట్ల మధ్య ఇరవై గజాల రోడ్డు మీద, లారీల హారన్ల నడుమ, ప్లానుగారు దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. నర్సు ఊచల సందులోంచి మాత్రలు, మంచినీళ్లు అందించింది.

సాయంత్రానికి ఆయనకు జ్ఞానోదయమైంది. "ఆ డ్రమ్ములు ఒలకబోయించు సిస్టర్. ఆర్డరు రాసిస్తా, కాగితం ఇటివ్వు."

గబగబా రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. నర్సు తేదీ చూసింది. సరిగ్గా తన అర్జీకి ముందు రోజుది.

"దోమల్ని మొదట కనిపెట్టింది నేనేనని రికార్డులో ఉండాలి కదా," అన్నాడు ప్లానుగారు.

"ఉండనివ్వండి సార్. కానీ డ్రమ్ములు అప్పుడే ఖాళీ చేయించారంటే, ఇక్కడ దోమే లేనట్టు. దోమ లేకపోతే మీ జ్వరం ఇక్కడిది కాదు. ఇక్కడిది కాకపోతే..." అని గేటు తాళం వైపు చూసింది.

ప్లానుగారు తాళం వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. ఒక పక్క పేరు, ఒక పక్క ఇల్లు. చెవి దగ్గర ఒక దోమ పాట అందుకుంది. ఆయన కాగితం వెనక్కి తీసుకుని, తేదీ కొట్టేసి, ఆ రోజుది వేశాడు. కింద "నాది స్వదేశీ జ్వరమే" అని రాసి మరో సంతకం పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆయన అసలు తేదీ వేసిన మొదటి కాగితం అదే.

నర్సు దాన్ని మడిచి కోటు జేబులో పెట్టుకుని, పళ్లతో రిబ్బను తెంపి, మొదటి డ్రమ్మును కాలితో తన్నింది. గేటు తాళం తీయడానికి మాత్రం నలభయ్యో డ్రమ్ము బోర్లించాకే వచ్చింది.