మూడు తీగల బకై

పెళ్లాం చెప్పిన పని చెయ్యక తిట్లు తిన్న మొగుళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఏ పనీ చెయ్యొద్దని చెప్పి వెళితే, అది కూడా చేతకాక దొరికిపోయినవాణ్ణి మా సనోల్ లోయ మొత్తానికి నేనొక్కణ్ణే.

ఆగస్టు రెండో వారంలో మా ఆవిడ వెర్నా, వాళ్లక్క మోకాలికి ఆపరేషన్ అయిందని ఆరెగన్ బయల్దేరింది. కారెక్కబోతూ పెరటివైపు వేలు చూపించింది.

"క్లైడ్, పదిహేను రోజులు. నీళ్లు పొయ్యొద్దు. కత్తిరించొద్దు. తవ్వొద్దు."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకు. నలభై ఏళ్లుగా చేస్తున్నదేగా, ఇంకో పదిహేను రోజులు చెయ్యలేవా?"

వెర్నా మా ఊరి స్థానిక మొక్కల సంఘంలో పెద్ద తలకాయ. మా తాతలు ఓడలెక్కి రాకముందు నుంచీ ఈ కాలిఫోర్నియా కొండల్లో ఉన్న మొక్కలకే మా పెరట్లో చోటు. తర్వాత వచ్చినవాళ్లలో చోటు దొరికింది నాకొక్కడికే, అదీ ఒక మూల. ఆ మూల ఎనిమిదడుగుల పచ్చిక, దానిమీద నా మడత కుర్చీ.

రోజూ పొద్దున్నే ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో నోటుపుస్తకంతో ఆమె తోటంతా తిరుగుతుంది. ఏది మొగ్గ తొడిగింది, ఏ పువ్వుమీద ఏ తేనెటీగ వాలింది, అన్నీ తారీఖులతో రాసుకుంటుంది. నా పుట్టినరోజు రెండుసార్లు మర్చిపోయింది గానీ, ఆరేళ్ల కిందట సేజి పొదమీద మొదటి తుమ్మెద వాలిన రోజు మాత్రం ఇప్పటికీ అప్పజెబుతుంది. ఆ పుస్తకం నేనెప్పుడూ తెరవలేదు. అందులో నాకు సంబంధించిన విషయం ఏమీ ఉండదని నా నమ్మకం.

ఆ తోటలో ఆమె ప్రాణమంతా ఒక్క చెట్టుమీదే. దాన్ని బకై అంటారు. గింజ నున్నగా, గోధుమరంగులో జింక కన్నులా ఉంటుంది, అందుకే ఇంగ్లీషులో ఆ పేరు. మా మామగారి కొండ మీది ఇల్లు కార్చిచ్చులో పోయినప్పుడు, ఆ బూడిదలో అన్నిటికంటే ముందు చిగురించింది వాకిట్లో బకై చెట్టేనట. మామగారు పోయాక వెర్నా దాని గింజ ఒకటి చేతిరుమాల్లో మూటగట్టి తెచ్చి పాతింది. ఎనిమిదేళ్లకి అది నా మణికట్టంత లావయింది. ఈ మేలో మొదటిసారి పూసి, ఒకే ఒక్క కాయ కాసింది. ఆ కాయని ఆమె చూసే చూపు నావైపు ఎప్పుడు తిరిగిందో నాకు గుర్తులేదు.

నేను ఏటా ఆగస్టంతా సరస్సు దగ్గర చేపలు పడుతూ గడుపుతాను. ఈసారి పడవకి చిల్లి పడింది. అంచేత ఆగస్టులో మా పెరడు ఎలా ఉంటుందో మొదటిసారి చూశాను. చూడకపోయినా బాగుండేది.

వెర్నా వెళ్లిన వారానికి బకై ఆకులన్నీ గోధుమరంగుకి తిరిగి రాలిపోయాయి. ఏటా నేను తిరిగొచ్చేసరికి చెట్లు ఆకులు రాల్చే కాలమే కాబట్టి, దాని బోడితనం ఎప్పుడూ నా కంట పడలేదు. మిగిలింది బోసి కొమ్మలూ, ఆ ఒక్క కాయా.

గోడవతల నుంచి పక్కింటి మెండోంసా తొంగి చూశాడు. మేం అతన్ని పచ్చిక మెండోంసా అంటాం. వాళ్లింటి ముందు గడ్డిపరకలు కూడా క్రాపు దువ్వుకుని నిలబడతాయి.

"క్లైడూ, మీ ఆవిడ చెట్టు పోయిందిగా!"

"నేనేం చెయ్యలేదు గురూ!"

"అదేగా నీ నేరం. పైగా సోమవారం అగ్నిమాపకం వాళ్లు కార్చిచ్చు తనిఖీకొస్తున్నారు. ఇంటి పక్కన ఎండిన చెట్టు కనిపిస్తే ఊరుకుంటారా?"

అక్కడే నా బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. చెట్టు నా కాపలాలో పోయిందంటే వెర్నా జన్మలో క్షమించదు. అదే, తనిఖీవాళ్లు కొట్టెయ్యమన్నారని చెబితే తిట్లన్నీ వాళ్ల ఖాతాలోకి పోతాయి. రంపం తీసి ఆదివారం పొద్దున్నే నేలకి జానెడు ఎత్తులో కోసేశాను. రంపం పళ్లకి తడి అంటింది. ఎండిన చెట్టులో తడి ఎక్కణ్ణుంచి వచ్చిందని నాకు అనుమానం రాలేదు. వచ్చి ఉంటే మీకీ కథ చెప్పే పనే లేదు.

సోమవారం తనిఖీకి ఒర్టేగా అనే అమ్మాయి వచ్చింది. మొద్దూ, దాని పక్కన పడున్న చెట్టూ చూసి ఆగిపోయింది.

"ఇదేం పని సార్?"

"ఎండిపోయిందమ్మా. మీరొస్తున్నారనే..."

"ఎండడమేంటి సార్, బకై కదా! ఎండలు ముదిరితే ఆకులు రాల్చేసి పడుకుంటుంది. మళ్లీ జనవరి ఆఖర్న లేస్తుంది. నిద్రపోయేదాన్ని నరికేశారే!"

పెరడు శుభ్రంగా ఉందని రాసి, చెట్టువైపు ఇంకోసారి చూసి తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్లిపోయింది. నేను పచ్చికమీద కుర్చీలో కూలబడ్డాను.

మధ్యాహ్నం స్థానిక మొక్కలమ్మే తోటకి పరిగెత్తాను. దాని యజమానురాలు గ్రెట్చెన్‌కి నేను పెట్టుకున్న పేరు ఠాణా గ్రెట్చెన్. మొక్క కొనబోయినవాడు వాంగ్మూలం ఇవ్వకుండా బయటపడలేడు.

"మణికట్టంత లావు బకై ఒకటి కావాలి. అర్జెంటు."

"ఆగస్టులో ఎవరైనా నాటుతారా? వానలు పడ్డాక రా. అయినా ఎవరి తోటకి?"

"స్నేహితుడికి."

"పేరు?"

"మెం... మెండోంసా."

"పచ్చిక మెండోంసా బకై పెడతాడా?" అని కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. అవి మళ్లీ ఆమె ముక్కెక్కేలోపు నేను కారులో ఉన్నాను.

దారిలో జ్ఞానోదయమైంది. పడుకున్న బకైకీ, పోయిన బకైకీ పైకి తేడా ఏముంది? రెంటికీ ఆకులుండవు. అంటే జనవరి దాకా నాకు వాయిదా దొరికినట్టే! మొద్దులో ఇనుప చువ్వ దిగ్గొట్టి, చెట్టుని దానిమీద కూర్చోబెట్టి, మూడు చుట్లు ఇనుప తీగ బిగించి, పైన బురద మెత్తాను. కింద పడిన కాయని చేపల గాలం దారంతో ఉన్నచోటే కట్టాను. దూరంగా నిలబడి చూస్తే నాకే నమ్మబుద్ధేసింది.

వెర్నా వచ్చింది. పెట్టె కూడా దింపకుండా తోటలోకి నడిచింది. బకై దగ్గర చాలాసేపు నిలబడింది.

"ఏమీ చెయ్యలేదుగా?"

"ఒట్టు. వేలు కూడా కదపలేదు."

"మంచి పని చేశావు" అని పుస్తకంలో ఏదో రాసుకుని, స్నానాల గదిలోకి వెళ్లి చాలాసేపటికి బయటికొచ్చింది. ప్రయాణం బడలిక అనుకున్నాను.

అప్పట్నుంచి మొదలైంది నా చాకిరీ. తప్పు చేసినవాడి నోట్లోంచి కాదనే మాట రాదు. రాళ్లు మొయ్యమంటే మోశాను. నాటడానికి పన్నెండు గుంటలు తవ్వమంటే పధ్నాలుగు తవ్వాను. సంఘంవాళ్లకి టీ కాచి, మొక్కల వేర్ల మీద రెండు గంటల ఉపన్యాసం నిద్రపోకుండా విన్నాను. ఒకసారి వెర్నా బకైకి చేరగిలబోతే, "కందిరీగ!" అని అరిచి ఆమెని పక్కకి లాగాను. అక్టోబరులో ఎండుగాలి విసిరిన రోజు, చెట్టుని వాటేసుకుని గంటన్నర నిలబడ్డాను.

"ఏం చేస్తున్నావక్కడ?" అని కిటికీలోంచి అడిగింది.

"గాలి బాగుంది."

నవంబరు వచ్చేసరికి ఆ కాయ నా ప్రాణం మీదికొచ్చింది.

"కొండమీద బకైలన్నీ కాయలు రాల్చేశాయి క్లైడ్. మనది మాత్రం ఎవరో కట్టేసినట్టు ఎలా పట్టుకునుందో చూడు."

"మంచి జాతి" అన్నాను. ఆమె సంఘం మీటింగుకి వెళ్లగానే దారం తెంపేశాను.

ఆ వారమే నా పచ్చిక వంతు వచ్చింది. "ఆ మూల కూడా తవ్వి మన కొండల గడ్డి వేస్తే?" అంది కాఫీ తాగుతూ. ఇరవై ఏళ్లుగా ఆ ఎనిమిదడుగుల కోసం నేను చెయ్యని యుద్ధం లేదు. ఒక్కసారి బకై వంక చూశాను. చూసి, పార అందుకున్నాను. ఇప్పుడు నా కుర్చీ గరాజులో ఉంది.

జనవరి ఆఖరు వారం. కొండల మీద బకైలు లేచాయి. బోడి కొమ్మల చివర్ల ఆకుపచ్చ మొగ్గలు. మా చెట్టుకి మాత్రం వానలకి తుప్పు కారింది.

టిఫిన్ దగ్గర వెర్నా, "మనది కూడా రేపో మాపో లేస్తుంది" అంది. ఆ గింజని చేతిరుమాల్లో కట్టి తెచ్చిన రోజు ఆమె మొహం గుర్తొచ్చింది. ఇంక అబద్ధం ఆడలేకపోయాను.

"లేవదు వెర్నా. నేను కోసేశాను. ఆగస్టులో. పోయిందనుకున్నాను. తీగలతో కట్టాను. నన్నేం చేసినా సరే."

ఆమె రొట్టెకి జామ్ పూయడం పూర్తిచేసింది. తర్వాత పుస్తకం తెచ్చి చదివింది.

"ఆగస్టు 24. బకై: ఆకులు లేవు, మామూలే. నేలకి జానెడు ఎత్తులో రంపపు కోత. పగిలిన బురద కింద ఇనుప తీగ మూడు చుట్లు. కాయకి గాలం దారం. ముడి బాగా వేశాడు.

"అక్టోబరు 9. ఎండుగాలి. క్లైడ్ చెట్టుని గంటన్నర కౌగిలించుకున్నాడు. పెళ్లయిన కొత్తలో కూడా ఇంతసేపు నమోదు కాలేదు.

"నవంబరు 16. పచ్చిక తీసేద్దామంటే ఒప్పుకున్నాడు. ఈ జాతిలో ఇంతకుముందెన్నడూ చూడని లక్షణం."

"మొదటి రోజే తెలుసా?"

"రోజూ చూసే చెట్టు క్లైడ్. నీ కాలు విరిగితే నాకు తెలియదా?"

"మరి... ఏడవలేదేం?"

"ఏడ్చాను. ఆ రోజే, స్నానాల గదిలో. నిన్ను కూడా జానెడు ఎత్తులో కోసేద్దామనుకున్నాను. తర్వాత నాన్న వాకిట్లో చెట్టు గుర్తొచ్చింది. పద."

తోటలోకి తీసుకెళ్లి, మొద్దు చుట్టూ ఉన్న ఎండాకులు పక్కకి తోసింది. నా తీగలకి కిందుగా, వేరు మొదట్లోంచి అయిదు పిలకలు, చిటికెన వేలంతేసి, కొత్తాకులు విప్పుకుంటూ నిలబడి ఉన్నాయి.

"కాలినా, కోసినా బకై వేరులోంచి లేస్తుంది. నువ్వు కట్టిన కట్టె లేవదు."

నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "అయిదు నెలలు నాతో ఆ చాకిరీ చేయించి... అప్పుడే అడగొచ్చుగా!"

"నువ్వే చెబుతావేమోనని చూశాను. చూడడమేగా నా పని" అంటూ పుస్తకం చివరి పేజీ తిప్పింది. ఆ ఏడాది 'మొదటివి' అన్నీ అక్కడ రాసుకుంటుంది. మొదటి వాన, మొదటి మొగ్గ, మొదటి తుమ్మెద. అన్నిటికంటే కింద 'క్లైడ్ నోటివెంట మొదటి నిజం' అని ఉంది. పక్కన తారీఖు ఖాళీ. పెన్ను తీసి అక్కడ 'జనవరి 29' అని వేసి, 'ఈసారి అయిదు నెలలు ఆలస్యం' అని చేర్చింది.

నాకు కాస్త ధైర్యమొచ్చింది. చెట్టు బతికే ఉందంటే నా తప్పు కూడా సగం మాఫీ అయినట్టే కదా. నా మూలవైపు ఆశగా చూశాను.

"మరి వెర్నా, నా పచ్చిక కూడా వేరులోంచి..."

"అది నిద్రపోవట్లేదు క్లైడ్" అంది పుస్తకం మూస్తూ. "అది పోయింది."