కసిమి తాగిన ప్రింటరు

బందరులో చలపతిరావుగారికి ఆ ఉదయం ఉన్న పని ఒక్కటే. కాగితం మీద ఒక లత అచ్చు వేయాలి. సాయంత్రంలోగా ఆ ముచ్చట తీరకపోతే ఆయన పాత కంప్యూటరు పాతసామాన్ల బండి ఎక్కేస్తుంది. భార్య కామేశ్వరి మాటంటే మాటే. పెడన నుంచి గుడ్డ తెప్పించి, పెరటి షెడ్డులో కలంకారీ అద్దకం చేయించే ఆవిడకి మూటలు పెట్టుకోవడానికి, ఆయన మంచమూ కంప్యూటరూ ఉన్న ముందుగది కావాలి. "ఇన్నేళ్లలో ఆ డబ్బా ఇంటికి పనికొచ్చే పని ఒక్కటైనా చేసిందాండీ?" అని అడిగితే, సాయంత్రంలోగా లత ఒకటి అచ్చువేసి చూపిస్తానని ఆయన మాటిచ్చారు.

ఆ డబ్బా అంటే ఆయనకి ప్రాణం. టీవీకి తగిలించుకుని వాడే రకం. ప్రోగ్రాములన్నీ క్యాసెట్లలో ఉంటాయి. కాలేజీలో లెక్కలు చెప్పే రోజుల్లో, పెళ్లయిన కొత్తలో, లత గీసే ప్రోగ్రాం ఒకటి రాసుకున్నారు. క్యాసెట్టు కీచుమని అరిచి అరిచి ఊరుకున్నాక, నల్లటి తెర మీద ఒక చుక్క మేలుకుంటుంది. చుక్క తీగై సాగుతుంది. తీగ ఆకు వేస్తుంది, ఆకు చాటున మొగ్గ తలెత్తుతుంది. సముద్రపు గాలికి కిటికీ రెక్క ఊగుతుంటే, ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కాఫీ చల్లారిపోయిన సంగతి కూడా తెలియకుండా అలా చూస్తూ ఉండిపోతారు. కామేశ్వరి కూడా ఒక్కసారి పక్కన కూర్చుని చూస్తే బాగుండునని ఆయన ఆశ. ఆవిడకి తీరికేదీ?

గుడివాడలో జాబ్‌వర్క్ సెంటరు మూసేసిన శిష్యుడు సుధాకర్ రెండు పాత ప్రింటర్లు ఆటోలో వేసుకొచ్చాడు. రెండూ సూదులతో రిబ్బను మీద పొడిచి కాగితం మీద చుక్కలు దించేవే. మొదటిదాన్ని తగిలించారు. అది గొంతు సవరించుకుని, అటూ ఇటూ పరుగెత్తి, లతనంతా ఒకే వరసలో కుక్కి, కాగితానికి చిల్లు పెట్టింది.

"ఇంతకీ కాగితం పైకి జరపాల్సింది ఎవరు మాస్టారూ? కంప్యూటరా, ప్రింటరా?" అన్నాడు సుధాకర్.

"అదేరా గొడవ. మీరు కానీండంటే మీరు కానీండని రెండూ మర్యాదకి పోతున్నాయి."

సుధాకర్ వెనకవైపున్న బుల్లి స్విచ్చు ఒకటి నొక్కాడు. ఈసారి రెండూ జరిపాయి. మొగుడూ పెళ్లామూ చెరోసారి ఉప్పేసిన పులుసులా తయారైంది వ్యవహారం. వరసకీ వరసకీ మధ్య వేలెడు సందు వచ్చి, లత కాస్తా ముక్కలు ముక్కలైంది. స్విచ్చు మళ్లీ తిప్పబోతే ఊడి చేతిలోకి వచ్చింది.

రెండో ప్రింటరు బుద్ధిమంతురాలు. కాగితాన్ని పద్ధతిగా జరిపింది. రిబ్బను మాత్రం ఎండి వరుగైపోయింది. అలాంటిది బందరులో కాదు కదా, దివిసీమంతా గాలించినా దొరకదని సుధాకర్ పెదవి విరిచాడు. అప్పుడు చలపతిరావుగారికి పెరట్లో కుండ గుర్తొచ్చింది. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్లలో నానేసి కామేశ్వరి చేయించే కసిమి అందులో ఉంటుంది. అద్దకంలో నలుపంతా దానిదే. నలుపంటే నలుపే కదా అనుకుని, ఎవరూ చూడకుండా ఓ గ్లాసు ముంచుకొచ్చి రిబ్బను తడిపారు.

ప్రింటరు హుషారుగా వాయించింది. కాగితం మీద తడి మరకలు తప్ప ఏమీ పడలేదు. చాల్లేదేమోనని ఇంకో గ్లాసు పోశారు. బెల్లం వాసన తగిలి, గోడవారనున్న చీమలు బారులు తీరి ప్రింటర్లోకి గృహప్రవేశం చేశాయి. సుధాకర్ వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చి చుట్టూ చల్లాడు. ఆ గీత దాటలేక లోపలి చీమలు లోపలే కాపురం పెట్టాయి. ఆ పసుపు దులపబోయి చలపతిరావుగారు బల్ల కదిపారు. సాయంత్రం దాకా ఆగలేక కామేశ్వరి అప్పుడే తెచ్చి పెట్టేసిన అంచు గుడ్డ చుట్ట ఒకటి దొర్లింది. దాని కొస పోయి పోయి ప్రింటరు రోలరు నోట్లో పడింది.

ఆపుదామంటే మీట పనిచెయ్యదు. లాగుదామంటే గుడ్డ చిరుగుతుంది. పీకుదామంటే ప్లగ్గు నిండా చీమలు. గురుశిష్యులిద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

లేత పసుపు గుడ్డ మీద మొదట తడి చుక్క కనిపించింది. చూస్తుండగానే అది కాటుకలా నల్లబడింది. చుక్క తీగై సాగింది. తీగ ఆకు వేసింది. అది కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డ. కసిమి నలుపెక్కేది అలాంటి గుడ్డ మీదేనని, ఇన్నేళ్లు కాపురం చేసినా ఆయన చెవికెక్కలేదు. లత బల్ల దిగి, నేల మీదికి పాకి, గుమ్మం వైపు ప్రయాణం కట్టింది. చలపతిరావుగారు లోకం మరిచిపోయి దాని వెంటే చూపు పోనిచ్చారు. చూపు వెళ్లి వెళ్లి కామేశ్వరి పాదాల దగ్గర ఆగింది.

కంప్యూటరు సాయంత్రం దాకా కూడా ఉండదని ఆయనకి తేలిపోయింది. కామేశ్వరి వంగి గుడ్డ ఎత్తి, వెలుతురుకి పట్టి చూసింది. తర్వాత స్టూలు లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది.

"ఈ లత ఎవరు వేశారండీ?"

"నేనే. మన పెళ్లయిన కొత్తలో."

"మరి ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేం?"

చెప్పానని ఆయన అనలేదు. అంత అమాయకులు కారు. ఒళ్లంతా సంతోషంతో తేలిపోతుంటే, ఆవిడ అడిగినవాటికి మాత్రం జవాబులు చెప్పారు. గుడ్డ ఎంత పొడవుంటే లత అంత పొడవూ వస్తుందన్నారు. అద్దకానికి చెక్క అచ్చు చెక్కించే పని లేదన్నారు. ఇద్దరూ కలిసి, చుట్ట అయిపోయేదాకా ఒక్కొక్క మొగ్గే విచ్చుకోవడం చూశారు. ఆపైన కామేశ్వరి లేచి, ఈ డబ్బాని ఇల్లు దాటనిచ్చేది లేదని తేల్చి చెప్పి, సుధాకర్‌కి కాఫీ పెట్టింది.

మర్నాటికి ముందుగదిలో కంప్యూటరు ఉంది, ప్రింటరు ఉంది, మూటలు ఉన్నాయి. చలపతిరావుగారి మంచం వసారాలో ఉంది.