సేటు గారికి ఏం కావాలి?

ఆ ఉదయం విమలాదేవి వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం ఇన్‌స్పెక్ట్రెస్ మహబూబున్నీసా బేగం వచ్చేలోగా, పిల్లల చేత తలా ఒక కథ పలక మీద రాయించాలి. బేగం మెచ్చితే దబీర్‌పురాలోని ఆ ఆడపిల్లల తెలుగు బడికి అనుమతి దొరుకుతుంది. మెచ్చకపోతే సాయంత్రానికి తలుపుకు తాళమే.

"కథల మూడు సంగతులుండాలె," అంది పిల్లలతో. "మనిషికి ఏం కావాలె? ఎవరు అడ్డమొస్తున్నరు? ఆఖరికి ఏమైతది? పక్కిండ్లల్లకు పోయి అడుగుండ్రి. చూసింది చూసినట్టు రాయుండ్రి. వరుస తప్పొద్దు."

సలీమా నేరుగా పక్కింటికి వెళ్లింది. అది పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం నడిపే గుండయ్యది. ఆ ఇంటికీ బడికీ నడుమ గోడలో ఒక దర్వాజ ఉంది. యుద్ధం రోజులు, బట్టకు కంట్రోలు. గుండయ్య వెనక గదిలో సర్కారుకు చెప్పని మల్లు తానులు నిలువెత్తున పేర్చి ఉన్నాయి.

"సేటు తాతా, నీకు ఏం కావాలె?"

"నాకేం వద్దు బిడ్డా."

"మరి నీకు అడ్డమొచ్చేది ఎవరు?"

గుండయ్య చాయ్ కప్పు కింద పెట్టి, వెనక గది తలుపు దగ్గరికి వేశాడు. "గివన్నీ నీకెందుకే?"

"ఆఫీసరు వచ్చేలోపల రాసియ్యాలె. జల్ది చెప్పు తాతా, ఆఖరికి నీకేమైతది?"

ఆఖరికి ఏమవుతుందో గుండయ్యకు కళ్లముందు కనబడింది. దానికి ఇనుప ఊచలున్నాయి. ఆయన లోపల ఉన్న భార్య దగ్గరికి పరుగెత్తాడు.

"సుగుణా! కంట్రోలు ఆఫీసరు వస్తుండు! తానులన్నీ గోడ దర్వాజలకెల్లి బడిలకు మొయ్యి!"

"బడిలకా? మతి పోయిందా ఏంది?"

"పర్దా ఉన్నకాడికి ఏ పోలీసోడు రాడు. గంతకన్న గట్టి తిజోరీ శహర్‌ల ఏడున్నది?"

ఆలోచన గట్టిదే. వచ్చే ఆఫీసరు మగవాడు కాదన్న ఒక్క సంగతే అందులో లేదు.

వీధి గుమ్మంలో బేగం కోసం ఎదురుచూస్తున్న విమలాదేవి చప్పుడు విని లోపలికి వచ్చేసరికి, సుగుణమ్మ తానుల గుట్ట మీద జంపఖానా కప్పుతోంది. గోడ దర్వాజ దగ్గర నిలబడి సలీమా పలక మీద చకచకా రాసుకుంటోంది.

"ఏందక్కా ఇది?"

"ఒక్క గంట ఓర్చుకో పంతులమ్మా. ఆయన మస్తు ఫికర్ల ఉన్నడు."

వీధిలో టాంగా ఆగింది.

బేగం లోపలికి వచ్చింది, బురఖా ముసుగు పైకెత్తింది, కుర్చీ లేని గదిని ఒకసారి కలయజూసింది. నేరుగా వెళ్లి జంపఖానా మీద కూర్చుంది.

"వాహ్! గరీబు బడి అనుకున్న. గద్దె మస్తున్నది."

ఆమె చూపు పలక పట్టుకుని నిలబడ్డ సలీమా మీద పడింది.

"నువ్వు చదువు బేటీ."

సలీమా పలక ఎత్తింది. "ఒక సేటు ఉండెను. ఆయనకు బట్ట దాచుకొనుట కావలెను. కంట్రోలు అడ్డము వచ్చెను."

బేగం కనుబొమలు ముడిపడ్డాయి. గోడ దర్వాజ అవతల గుండయ్య చెవి ఇంకా గట్టిగా ఆనించాడు.

"ఆయన భార్య తానులు మోసుకొని వచ్చి దాచెను."

"ఎక్కడ?"

విమలాదేవి వద్దన్నట్టు కళ్లు పెద్దవి చేసింది. పంతులమ్మ ధైర్యం చెబుతోందనుకుంది సలీమా.

"మీ కిందనే, బేగం సాహెబా."

బేగం మెల్లగా లేచి జంపఖానా అంచు ఎత్తింది. తెల్లటి మల్లు తళతళలాడింది.

"పంతులమ్మా! ఏంది ఈ లొల్లి?"

విమలాదేవి నోరు తెరిచేలోగా గోడ అవతలి నుంచి కేక వచ్చింది.

"దానం! దానం బేగం సాహెబా! పిల్లలకు కుర్తాలు కుట్టియ్యనీకి దానమిచ్చిన! ఒక్క తాను గూడ వాపస్ తీసుకోను!"

సుగుణమ్మ ఉన్నచోటనే చతికిలబడింది. సలీమా గబగబా ఆ ముగింపు కూడా రాసేసుకుంది.

"అట్లనా సేట్ సాబ్? గింతమంది విన్నరు, మాట తప్పొద్దు మరి," అని బేగం అనుమతి కాగితం మీద సంతకం చేసింది. తర్వాత సలీమా పలక అందుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివి, కింద బలపంతో రాసింది:

"కథ బాగున్నది. సేటు దానము చేసెననుట మాత్రము నమ్మశక్యముగా లేదు."